మూర్స్ అంటే ఉర్దూ, జెంటూ అంటే తెలుగు: దాదాల కాగితాల్లోని పాత ఇంగ్లీషు మాటలు

వేంపల్లెలో గానీ చుట్టుపక్కల పల్లెల్లో గానీ కాస్త పాతకాలపు ముస్లిం ఇంట్లో చూడండి, ట్రంకు పెట్టె అడుగున బట్టలో చుట్టిన కాగితాల కట్ట ఒకటి ఉంటుంది. దాదా కాలానిది, ఒక్కోసారి పర్‌దాదా కాలానిది. అందులో కొన్ని తెలుగులో, కొన్ని ఉర్దూలో, కొన్ని వంకర్లు తిరిగిన ఇంగ్లీషు చేతిరాతలో ఉంటాయి. ఇంట్లో డిగ్రీ చదివిన పిల్లవాడికిచ్చి ‘చదువు నాయనా’ అంటే నాలుగు లైన్లు చదివి ఆగిపోతాడు. కౌల్, కిస్ట్, ఫసలీ, మొతుర్ఫా, క్విట్‌రెంట్, ఎన్‌ఫ్రాంచైజ్డ్... ఇదేం ఇంగ్లీషు అంటాడు. వాడి చదువు తక్కువై కాదు. ఈ మాటలు ఇప్పుడు ఏ కాలేజీలోనూ చెప్పరు.

ఈ మధ్య ఆ కట్టలు మళ్లీ బయటికి వస్తున్నాయి. 2025 జూన్ 6న కేంద్రం ఉమీద్ పోర్టల్ తెచ్చాక మసీదు, దర్గా, ఖబరస్తాన్ కమిటీలన్నీ ఆస్తుల వివరాలు వెతుక్కోవాల్సి వచ్చింది. అన్నదమ్ముల భాగాలప్పుడు, భూముల రీసర్వే వచ్చినప్పుడు కూడా ఇదే అవస్థ. కాగితం చేతిలో ఉంటుంది, అందులో ఏముందో తెలియదు. అర్థం కాక పక్కన పడేసిన కాగితమే ఒక్కోసారి అసలు కాగితం అవుతుంది. అందుకే ఈ మాటల సంగతి కాస్త వివరంగా చెప్పుకుందాం.

ముందుగా ఒక్క విషయం. ఆ కాగితాల్లో మనకు ఇంగ్లీషులా కనిపించే మాటల్లో సగానికి పైగా ఇంగ్లీషువి కానే కావు. అరబ్బీ, ఫార్సీ, ఉర్దూ, తెలుగు మాటలే. కంపెనీ గుమాస్తా తన చెవికి వినబడినట్టు ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకున్నాడు. మిగిలినవి నిజంగానే పాత ఇంగ్లీషు మాటలు, ఇంగ్లండులోని జమీందారీల కాలం నాటివి. మొదటి రకాన్ని గట్టిగా పైకి చదివితే సగం అర్థమైపోతుంది. రెండో రకానికి మాత్రం పుట్టుక తెలియాలి.

మన మాటలు వాళ్ల కాగితాల్లోకి ఎలా వెళ్లాయంటే, 1800 అక్టోబరులో నిజాం అలీ ఖాన్ ఈ ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి ఇచ్చేశాడు. టిప్పు సుల్తాన్ రాజ్యం నుంచి యుద్ధాల్లో తన వాటాగా వచ్చిన భూమిని, కంపెనీ సైన్యం ఖర్చు కింద రాసిచ్చాడు. అందుకే ఇంగ్లీషు కాగితాల్లో కడప, బళ్లారి, అనంతపురం, కర్నూలులో కొంత భాగం కలిపి ‘సీడెడ్ డిస్ట్రిక్ట్స్’ అయింది. సీడ్ అంటే ఇక్కడ విత్తనం కాదు. లాటిన్‌లో ‘వదిలిపెట్టు’ అనే మాట నుంచి వచ్చింది, అంటే వదిలిపెట్టిన జిల్లాలు. తెలుగులో దత్తమండలం అన్నారు. ఆ మాటలోని చిన్నతనం నచ్చకే 1928లో నంద్యాల సభలో చిలుకూరి నారాయణరావు గారు రాయలసీమ అన్న పేరు ముందుకు తెచ్చారు.

1800 నుంచి 1807 దాకా ఇక్కడ ప్రిన్సిపల్ కలెక్టర్‌గా ఉన్నది థామస్ మన్రో. శిస్తు వసూలు పద్ధతిని ఆయన చాలా మార్చాడు గానీ పేర్లను మార్చలేదు. మార్చి ఉంటే ఊళ్లలో ఎవరికీ అర్థమయ్యేది కాదు. తహసీల్దారు తహసీల్దారుగానే ఉన్నాడు, కచేరీ కచేరీగానే ఉంది. కచేరీ ఇంగ్లీషులో ‘కట్చెర్రీ’ అయింది, అంతే తేడా. ఇప్పటి పిల్లలకు కచేరీ అంటే పాటల కచేరీయే గుర్తొస్తుంది.

ఇక స్పెల్లింగు. ఇది తెలిస్తే చాలా తాళాలు తెరుచుకుంటాయి. పాత ఇంగ్లీషు గుమాస్తా మన ‘అ’ శబ్దాన్ని ‘యు’ అక్షరంతో రాసేవాడు. కట్, బట్ అనే ఇంగ్లీషు మాటల్లో ‘యు’ పలికినట్టు. ‘ఇ, ఈ’లకు రెండు ‘ఇ’లు, ‘ఉ, ఊ’లకు రెండు ‘ఓ’లు. కడప స్పెల్లింగులో ‘సి’ తర్వాత ‘యు’, రెండు ‘డి’లు ఎందుకు వచ్చాయో ఇప్పుడు తెలుస్తుంది. వాళ్ల లెక్కలో అది ‘కడప’ అన్నట్టే. మనం తర్వాత దాన్ని అక్షరాల ప్రకారం చదివి ‘కుడ్డపా’ చేసుకున్నాం. ఆ స్పెల్లింగు ప్రభుత్వ కాగితాల్లో 2005 దాకా నడిచింది.

1870ల్లో హంటర్ అనే అధికారి పద్ధతి వచ్చాక ఇప్పుడు మనం రాసే తరహా స్పెల్లింగులు మొదలయ్యాయి. కానీ పాతవీ కొత్తవీ చాలాకాలం కలగలిసి నడిచాయి. విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త 1872లో ఈ ప్రాంతపు రాళ్ల మీద రాసిన పుస్తకంలో కడపను ‘కె’తో మొదలుపెట్టి రాశాడు. కలెక్టరాఫీసు మాత్రం ‘సి’ దగ్గరే ఉంది. ఆ పుస్తకంలో మన వేంపల్లె ‘వైంపల్లి’ అయింది. ఇక్కడి సున్నపురాళ్ల పొరలకు ఆయన ఆ పేరే పెట్టాడు. ఇప్పటికీ భూగర్భ శాస్త్రంలో దాన్ని వేంపల్లె ఫార్మేషన్ అనే అంటారు. తుమ్మలపల్లె యురేనియం దొరికింది కూడా ఈ పొరల్లోనే. కాబట్టి పాత కాగితంలో ఊరి పేరు వేరుగా ఉంటే ‘ఇది మన ఊరు కాదేమో’ అని వదిలేయొద్దు.

మనుషుల పేర్లకూ ఇదే గతి పట్టింది. ముహమ్మద్ అనే ఒక్క పేరే మహోమెడ్, మొహమెద్, ఎండీ అని ఎన్ని రకాలుగా రాశారో లెక్కలేదు. హుస్సేన్‌కు ముందు ‘హెచ్’ పోయి ‘ఊస్సేన్’ అవుతుంది, ఖాదర్ ‘కాడర్’ అవుతుంది. వేర్వేరు కాగితాల్లో ఒకే మనిషికి రెండు మూడు స్పెల్లింగులు కనబడితే వాళ్లు వేర్వేరు మనుషులని తేల్చేయకూడదు. తండ్రి పేరు, సర్వే నంబరు, హద్దులు కలిపి చూసుకోవాలి.

ఇప్పుడు మాటలకొద్దాం. నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ‘కౌల్’. కాగితంలో ‘సి-ఓ-డబ్ల్యూ-ఎల్-ఇ’ అని ఉంటుంది. మన కౌలు. అరబ్బీలో ఖౌల్ అంటే మాట, ఇచ్చిన మాట. భూమి ఇన్నేళ్లు దున్నుకో, ఇంత కట్టు అని సర్కారు ఇచ్చిన మాటే కౌలు పత్రం. ఖవ్వాలీ కూడా ఈ ఖౌల్ నుంచే పుట్టింది. దర్గాలో ఖవ్వాల్ పాడేదీ, కౌలు రైతు చేతిలో ఉండేదీ ఒకే మాట.

‘రయట్’ అని చదివేది మన రైతే. అరబ్బీలో రయ్యత్ అంటే కాపరి చూసుకునే మంద, అక్కడి నుంచి పాలకుడి రక్షణలో ఉండే జనం. మీలో ప్రతి ఒక్కరూ కాపరే అని చెప్పే ప్రసిద్ధ హదీసులో ఈ మాట ఉంది. రయ్యత్ మన నోట రైతు అయి, భూమి దున్నేవాడికి మాత్రమే మిగిలింది. మన్రో పేరుతో ముడిపడిన రయత్వారీ కూడా అక్కడిదే. ‘కిస్ట్’ అంటే కిస్తు. అరబ్బీ ఖిస్త్‌కు న్యాయమైన వాటా అని అర్థం. ఖుర్‌ఆన్‌లో న్యాయం అన్న అర్థంలో ఈ మాట వస్తుంది. ఈఎంఐ కట్టేటప్పుడు ఆ అర్థం గుర్తు రాదనుకోండి, అది వేరే సంగతి.

‘మున్సిఫ్’ అంటే ఇన్సాఫ్ చేసేవాడు. కోర్టులో జిల్లా మున్సిఫ్ అయ్యాడు, ఊళ్లో మునసబు అయ్యాడు. 1984లో ఎన్టీఆర్ ప్రభుత్వం కరణాలను, మునసబులను తీసేసేదాకా మన ఊళ్లలో ఆ మాట రోజూ వినబడేది. ‘జిల్లా’కు అరబ్బీలో మూలం పక్కటెముక, పక్క భాగం. ‘మొఫుసిల్’ అంటే ముఫస్సల్, విడివిడిగా ఉన్నది. పట్నం కానిదంతా మొఫసిల్. ‘డఫ్టర్’ మన దఫ్తర్, అది అరబ్బీ ఫార్సీల కన్నా ముందు గ్రీకులో తోలు అనే మాట. రాయడానికి తోలు వాడిన కాలం నాటిది.

‘మొతుర్ఫా’ దగ్గర చాలామంది తడబడతారు. హిర్ఫత్ అంటే చేతిపని, వృత్తి. ముహ్తరిఫా అంటే వృత్తి పనివాళ్లు. మగ్గాల మీద, అంగళ్ల మీద, చేతిపనుల మీద వేసిన పన్ను పేరు మొతుర్ఫా. కాబట్టి ఆ మాట ఉన్న రసీదు భూమి రసీదు కాదు. దాన్ని భూమికి రుజువుగా చూపిస్తే పని జరగదు. కానీ మీ కుటుంబం ఆ ఊళ్లో ఉండి ఏ పని చేసుకుని బతికిందో చెప్పే కాగితం అది, పారేయకండి.

డబ్బు దగ్గర ఇంకో చిక్కు ఉంది. కంపెనీ తొలి కాగితాల్లో లెక్కలు ‘పగోడా’ల్లో ఉంటాయి. అది గుడి కాదు, మన వరహా. మద్రాసు స్టార్ పగోడా అంటే సుమారు మూడున్నర రూపాయలు. 42 ఫణాలు ఒక పగోడా, 80 క్యాష్‌లు ఒక ఫణం. ఈ క్యాష్ ఇప్పటి క్యాష్ కాదు. ఇది కాసు, పోర్చుగీసు వాళ్ల నోట్లో పడి మారింది. మనం బ్యాంకులో అనే క్యాష్ ఫ్రెంచిలో పెట్టె అనే మాట నుంచి వచ్చింది. రెండు వేర్వేరు మాటలు ఒకే స్పెల్లింగులో కూర్చున్నాయి. బీకామ్‌లో మూడేళ్లు క్యాష్ బుక్ రాసినా ఇది మాకెవరూ చెప్పలేదు.

ఫసలీ గురించి కాస్త ఆగి చెప్పాలి, ఎందుకంటే అసలు గందరగోళం ఇక్కడే జరుగుతుంది. అడంగల్‌లో, పాత పట్టాలో ‘ఫసలీ 1270’ అని ఉంటే మనవాళ్లు చాలామంది హిజ్రీ అనుకుంటారు. కాదు. ఫసల్ అంటే పంట కాలం. హిజ్రీ ఏడాది చంద్రమానం, సూర్యమానం కన్నా సుమారు 11 రోజులు తక్కువ. ఆ లెక్కన శిస్తు వసూలు చేస్తే కొన్నేళ్లకు పంట ఇంటికి రాకముందే పన్ను కట్టాల్సి వస్తుంది. అందుకని అక్బర్ కాలంలో హిజ్రీ 963 అంకెనే తీసుకుని, అక్కడి నుంచి సూర్యమానంలో లెక్క పెట్టడం మొదలుపెట్టారు. దక్కన్‌లో షాజహాన్ కాలంలో, హిజ్రీ 1046లో మొదలైంది. మొదలైన ఏళ్లు వేరు కాబట్టి ఉత్తరాది ఫసలీకీ మన ఫసలీకీ రెండు మూడేళ్ల తేడా ఉంటుంది. ఇంటర్నెట్‌లో దొరికే ఉత్తరాది లెక్కలు మనకు పనికిరావు.

మన దగ్గర లెక్క సులువు. ఫసలీ అంకెకు 590 కలపండి. ఫసలీ 1270 అంటే 1860 జూలై నుంచి 1861 జూన్ దాకా. అదే హిజ్రీ 1270 అనుకుంటే 1853-54 అవుతుంది, ఏడేళ్లు తేడా. ఇనాం కాగితం విషయంలో ఆ ఏడేళ్లు చిన్నవి కావు, ఎందుకంటే మద్రాసు ఇనాం కమిషన్ పని మొదలుపెట్టింది 1858లో. కాగితం కమిషన్‌కు ముందుదా, తర్వాతదా అన్నదే మొదటి ప్రశ్న అవుతుంది.

ఇనాం అంటే అరబ్బీలో ఇనామ్, ఇచ్చిన మేలు. నిమత్ కూడా అదే ధాతువు. నవాబులు, పాలెగాళ్లు, సుల్తాన్లు మసీదుకో, ఖాజీకో, ఫకీరుకో, గుడికో, కరణానికో ఇచ్చిన భూములన్నిటినీ కమిషన్ ఒక్కొక్కటిగా చూసి రిజిస్టరు రాసింది. దాని పేరు ‘ఇనాం ఫెయిర్ రిజిస్టర్’. ఫెయిర్ అంటే న్యాయమైన రిజిస్టరు అని కొందరు చెబుతుంటారు. కాదు. బడిలో రఫ్ బుక్, ఫెయిర్ బుక్ అంటాం కదా, ఆ ఫెయిర్. చిత్తు ప్రతి నుంచి శుభ్రంగా తిరగరాసినది.

ఆ రిజిస్టరులో కనిపించేవే అసలైన పాత ఇంగ్లీషు మాటలు. ‘ఎన్‌ఫ్రాంచైజ్డ్’ అన్నది వాటిలో పెద్దది. ఫ్రాంక్ అంటే పాత ఫ్రెంచిలో స్వేచ్ఛ గలవాడు. ఎన్‌ఫ్రాంచైజ్ అంటే విడిపించడం. ఇప్పుడు ఫ్రాంచైజీ అంటే ఐపీఎల్ టీము, లేదా టీ కొట్టు బ్రాంచి. ఇనాం రిజిస్టరులో మాత్రం ఆ భూమిని పాత షరతుల నుంచి విడిపించి, ఇనాందారుడికి సొంత ఆస్తిగా ఖాయం చేశారని అర్థం. ఊరికే కాదు, ఏటా కొంత కట్టాలి. ఆ కట్టేదే ‘క్విట్‌రెంట్’.

క్విట్ అంటే వదిలిపోవడం కాదు ఇక్కడ. లాటిన్‌లో నిశ్శబ్దం, శాంతం అనే మాట నుంచి వచ్చింది, క్వైట్‌కు చుట్టం. ఇంగ్లండులో రైతు దొరగారి పొలంలో వెట్టి చేయాలి, పిలిస్తే పోవాలి. ఆ పనుల నుంచి తప్పించుకోవడానికి ఏటా కొంత డబ్బు కట్టేసి నిశ్చింతగా ఉండేవాడు. ఆ నిశ్చింత పేరే క్విట్‌రెంట్. మన కాగితాల్లో దీని పక్కనే ‘జోడి’ అనే మాట కూడా కనిపిస్తుంది. ఇనాం భూమి మీద వేసిన తేలికపాటి పన్ను అది.

మసీదు, దర్గా, గుడి లాంటి వాటికిచ్చిన భూములకు వచ్చేసరికి మాట మారుతుంది. అక్కడ ‘కన్ఫర్మ్డ్’ అని, సేవ జరుగుతున్నంత కాలం అనే షరతుతో రాశారు. అంటే భూమి ఆ సేవకే గానీ సేవ చేసే మనిషికి సొంతం కాదు. ఎన్‌ఫ్రాంచైజ్డ్‌కూ కన్ఫర్మ్డ్‌కూ మధ్య తేడా ఇంతుంది. ఒకటి కుటుంబం ఆస్తి వైపు, ఇంకోటి సంస్థ ఆస్తి వైపు చూపిస్తుంది. ముతవల్లీ వారసులకూ జమాత్‌కూ మధ్య గొడవ వచ్చినప్పుడు మొదట చూడాల్సిన మాట ఇదే. తర్వాత 1956 ఇనాముల రద్దు చట్టం వచ్చింది, కోర్టు తీర్పులు వచ్చాయి. కాబట్టి ఒక్క మాట పట్టుకుని ఎవరూ నిర్ణయానికి రాకండి, వకీలుకు చూపించండి. కానీ ఆ మాట ఎక్కడుందో మీకు తెలిసి ఉంటే వకీలు దగ్గర మీరు అడగాల్సిన ప్రశ్న అడగగలరు.

పాత సేల్ డీడ్ మొదట్లో ఉండే ‘ఇండెంచర్’కు మూలం పన్ను. డెంటిస్టులో ఉన్న డెంట్ ఇదే. పూర్వం ఇంగ్లండులో ఒకే తోలు మీద ఒప్పందాన్ని రెండుసార్లు రాసి, మధ్యలో పళ్లు పళ్లుగా కత్తిరించి చెరొకటి పంచుకునేవారు. తగాదా వస్తే రెండు ముక్కలూ కలిపి చూసేవారు. పళ్లు అతికితే నిజం కాగితం, లేకపోతే దొంగది.

మన గురించి వాళ్లు వాడిన మాటలు కూడా తెలిసి ఉండాలి. ‘మూర్’ అంటే ముస్లిం. ఉత్తరాఫ్రికా జనానికి లాటిన్‌లో ఉన్న పేరును పోర్చుగీసు వాళ్లు మోసుకొచ్చి కడపోళ్లకూ తగిలించారు. ‘మూర్స్’ అని భాషగా రాస్తే అది హిందుస్తానీ, అంటే మన ఉర్దూ. ‘జెంటూ’ అంటే పోర్చుగీసులో అన్యమతస్థుడు. మద్రాసు వైపు అది తెలుగువాళ్లకూ, తెలుగు భాషకూ పేరైపోయింది. మూర్స్, జెంటూ రెండూ వచ్చిన మనిషి అని ఉంటే ఉర్దూ, తెలుగు వచ్చినవాడని అర్థం. మన సైటు చదివేవాళ్లందరూ ఆ లెక్కలోకి వస్తారు! ‘మహోమెడన్’ అనే మాట మాత్రం ముస్లింలకు ఎప్పుడూ నచ్చలేదు. క్రీస్తును కొలిచేవాడు క్రిస్టియన్ అయినట్టు, ప్రవక్త (స) ను కొలిచేవాళ్లమన్న అర్థం అందులో వస్తుంది. మనం కొలిచేది అల్లాహ్‌ను. చట్టాల్లోనూ స్పెల్లింగులు మారాయి. 1995 చట్టంలో ‘కె’తో ఉన్న వక్ఫ్ 2013 సవరణతో ‘క్యూ’కు మారింది.

ఇలాంటి మాటల కోసమే పెద్ద నిఘంటువు ఒకటుంది, పేరు ‘హాబ్సన్-జాబ్సన్’. హెన్రీ యూల్, ఆర్థర్ బర్నెల్ కలిసి చేశారు. బర్నెల్ మద్రాసు సివిల్ సర్వీసు మనిషి, 1886లో పుస్తకం బయటికి వచ్చేనాటికి ఆయన లేరు. ఆ పేరు ఎక్కడిదంటే, ముహర్రం ఊరేగింపుల్లో ‘యా హసన్, యా హుస్సేన్’ అన్న కేక తెల్ల సిపాయిల చెవుల్లో పడి హుస్సేన్ గుస్సేన్ అయి, హోసీ గోసీ అయి, చివరికి హాబ్సన్ జాబ్సన్ అయింది. పీర్ల పండుగలో గూగూడు లాంటి చోట్ల మతం తేడా లేకుండా జనం గుండెలు బాదుకుంటూ అనే పేర్లు అవి. వాటిని ఇద్దరు ఇంగ్లీషు పల్లెటూరి వాళ్ల పేర్లుగా మార్చి నవ్వుకోవడం నాకు చివుక్కుమనిపిస్తుంది. పుస్తకం మాత్రం విలువైనది, అది కాదనలేం. ఇంకొకరి మాటను మన నోటికి అనువుగా తిప్పుకోవడాన్ని భాషా శాస్త్రజ్ఞులు ఇప్పటికీ హాబ్సన్-జాబ్సన్ సూత్రం అంటారు.

మన భూమి కాగితాలకు దానికన్నా విల్సన్ నిఘంటువు ఎక్కువ పనికొస్తుంది. 1855లో వచ్చింది, కోర్టు, రెవెన్యూ మాటలకే చేసింది, తెలుగు మాటలూ ఉన్నాయి. దానికన్నా ముందు మన కడపలోనే పని చేసిన బ్రౌన్ దొర ఉన్నాడు. సి.పి. బ్రౌన్ 1820లో కడపకు వచ్చి ఇక్కడే తెలుగు మొదలుపెట్టాడు. తెలుగు నిఘంటువు సంగతి అందరికీ తెలుసు. 1852లో ఆయన కచేరీ పనుల్లో వాడే మాటలతో ‘జిల్లా డిక్షనరీ’ వేసిన సంగతి, 1854లో తెలుగులో కలిసిపోయిన అరబ్బీ ఫార్సీ ఉర్దూ మాటలకు విడిగా మిశ్ర భాషా నిఘంటువు చేసిన సంగతి తక్కువమందికి తెలుసు. నా దృష్టిలో మన ఇళ్లలో ఉండాల్సింది అదే. ఈ పుస్తకాలు పాతవి కాబట్టి ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. కడపలో ఆయన బంగళా ఉన్న స్థలంలో ఇప్పుడు బ్రౌన్ పేరుతోనే భాషా పరిశోధన కేంద్రం, గ్రంథాలయం నడుస్తున్నాయి.

తెలుగు నుంచి పోయినవీ ఉన్నాయి. పందికొక్కు ఇంగ్లీషులో ‘బ్యాండికూట్’ అయి ఆస్ట్రేలియా దాకా పోయింది, అక్కడ వేరే జంతువుకు ఆ పేరు పెట్టేశారు. ‘పోరంబోకు’ తమిళం నుంచి వచ్చి అందరి కాగితాల్లోనూ కూర్చుంది. పన్ను లెక్కకు రాని ఉమ్మడి భూమి అని అర్థం. తిట్టుగా ఎలా మారిందో మీకు తెలుసు.

వాట్సాప్‌లో తిరిగేవన్నీ మాత్రం నమ్మొద్దు. బ్యాంకు చెక్కు అరబ్బీ ‘సక్క్’ నుంచి పుట్టిందని ఫార్వర్డులు వస్తుంటాయి. ఇంగ్లీషు నిఘంటువులు అలా చెప్పవు. చదరంగంలో రాజుకు చెక్ పెడతాం కదా, ఆ చెక్ నుంచి వచ్చిందంటాయి. ఆ చెక్ ఫార్సీ ‘షా’. తిరిగి తిరిగి మనవైపే వచ్చింది గానీ దారి వేరు. వేబ్రిడ్జి దగ్గర ఖాళీ లారీ బరువును ‘టేర్’ అంటారు, అది నిజంగా అరబ్బీ ‘తర్హ్’, తీసిపారేసేది. ‘టారిఫ్’ కూడా అరబ్బీ తారీఫే, తెలియజేయడం అన్న అర్థంలో.

ఇక మీ ఇంట్లో కట్ట ఉంటే, ముందు ప్రతి పేజీకీ రెండు వైపులా మంచి వెలుతురులో ఫోటో తీయండి. వెనక వైపు ముద్రలు, చిన్న చేతిరాతలు ఉంటాయి, వాటిలోనే నంబర్లు దొరుకుతాయి. లామినేషన్ చేయించకండి, అతికిన ప్లాస్టిక్‌ను మళ్లీ తీయలేం. చదవలేని మాటను ఊహించకుండా అక్షరం అక్షరం విడిగా రాసుకోండి, తర్వాత పైకి పలికి చూడండి. టి.డి. అనే రెండు అక్షరాల పక్కన అంకె ఉంటే అది ఇనాం కమిషన్ ఇచ్చిన టైటిల్ డీడ్ నంబరు. ఊరి పేరు, ఆ నంబరు, ఫసలీ ఈ మూడూ ఒక కాగితం మీద రాసుకుని కలెక్టరేట్ రికార్డు గదిలోనో, రాష్ట్ర ఆర్కైవ్స్‌లోనో ఇనాం ఫెయిర్ రిజిస్టరు నకలు కోసం అర్జీ పెట్టుకోవచ్చు. అర్జీ, నకలు రెండూ అరబ్బీ మాటలే, ఇంగ్లీషులో అడగాల్సిన పని లేదు.